పాత బెంజ్ కోసం అత్యవసర నిధిని ముట్టుకోవద్దు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. జీతం రూ.1.40 లక్షలు, ఖర్చులన్నీ పోను నెలకు రూ.35 వేలు మిగులుతాయి. బ్యాంకులో రూ.3 లక్షలున్నాయి. గల్ఫ్ నుంచి దిగుమతైన 1983 బెంజ్ 300డి (మోడల్ కోడ్ డబ్ల్యు123) రూ.5.5 లక్షలకు, 1995లో పుణెలో తయారైన బెంజ్ ‘ఈ220’ (కోడ్ డబ్ల్యు124) రూ.6 లక్షలకు వస్తున్నాయి. ఉన్న డబ్బు ఇచ్చి, మిగతాది నా భార్య బంగారం మీద తీసుకుందామనుకుంటున్నా. ఏది మేలు?

జవాబు: ఒకటే ఎంచుకోవాలంటే ఈ220. కానీ మీరు చెప్పిన పద్ధతిలో ఏదీ కొనకండి. మీ నెల ఖర్చు రూ.1.05 లక్షలు. బ్యాంకులో ఉన్నది మూడు నెలలకైనా సరిపోదు. దాన్నీ ఊడ్చేసి, పైగా ఇంట్లో బంగారం కుదువపెట్టి 30 ఏళ్ల కారు కొనడమేమిటి? ఉద్యోగం పోతే ఆ నెల వాయిదా ఎక్కడి నుంచి తెస్తారు? కారు ధర ఒక్కటే లెక్కేసుకుని అప్పు చేసేవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

300డి డీజిల్ ఇంజిన్ 88 హార్స్‌పవర్. గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 18 సెకన్ల దాకా పడుతుంది. ఈ220కి 150 హార్స్‌పవర్, 11 సెకన్లలోపే. 300డి ఇంజిన్ మొండిది. వాల్వ్ క్లియరెన్సు (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ), ఆయిల్ వేళకు చూస్తే లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. పాడయ్యేది వాక్యూమ్ (గాలిని లాగే) గొట్టాలు. ఇంజిన్ ఆగేది వాటి ద్వారానే. అవి పగిలితే తాళంచెవి తీసేసినా ఇంజిన్ ఆగదు, బానెట్ ఎత్తి స్టాప్ లివర్ నొక్కాల్సిందే. పైగా 2025లో సవరించిన రుసుముల ప్రకారం 20 ఏళ్లు దాటిన దిగుమతి కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు రూ.80 వేలు. ఇక్కడ తయారైన కారుకైతే రూ.10 వేలు.

ఈ220లో అసలు గండం ఇంజిన్ వైరింగ్. ఆ ఏళ్లలో వాడిన వైర్ల తొడుగు వేడికి పెళుసెక్కిపోతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒక వైరును వేళ్లతో మెల్లగా వంచి చూడండి. తొడుగు బిస్కెట్‌లా రాలిందంటే హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలి. అలాగే నడిపితే వైర్లు ఒకదానికొకటి తగిలి ఇంజిన్ కంప్యూటరే పోవచ్చు. ఇలాంటి అరుగుదలకు బీమా రూపాయి ఇవ్వదు. ప్రమాదం జరిగినా రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు కోస్తారు. ఇంత పాత కారుకు జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయని బీమా) దొరకడమూ కష్టమే.

కాబట్టి ముందు ఆరు నెలల ఖర్చు, అంటే రూ.6.3 లక్షలు, విడిగా పెట్టండి. ఇప్పుడున్న రూ.3 లక్షలకు మీ మిగులు తోడైతే పది నెలల పని. ఆ తర్వాత కారు ధరకు తోడు మరమ్మతులకు కనీసం రూ.2 లక్షలు కూడబెట్టాలి. దానికి ఇంకో రెండేళ్లు పడుతుంది. వ్యక్తిగత రుణం ఆలోచనే వద్దు. ఈలోగా ఈ కారు ఎవరో కొనుక్కుపోతే పోనివ్వండి, మరో ఈ220 దొరుకుతుంది. అప్పుడు కూడా వైరింగ్ చూపించుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి.