స్కెచ్ మీ దగ్గరుంది, హక్కు ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: పాత తెలుగు సినిమాలకు గీసిన ఒరిజినల్ కాస్ట్యూమ్ స్కెచ్‌లు సేకరిస్తుంటాను. మద్రాసు స్టూడియోల్లో కాస్ట్యూమర్‌గా పనిచేసి చనిపోయిన ఒకాయన కూతురి దగ్గర ఎనిమిది స్కెచ్‌లు కొన్నాను. రెండు 1955 నాటి సినిమావి, మిగతావి 1962లో విడుదలైన సినిమావి. అన్నీ ఒకే ఆర్ట్ డైరెక్టర్ గీసినవి. ఆయన 1985లో పోయారు. వీటితో పుస్తకం వేద్దామనుకుని ముందుగా ఫేస్‌బుక్‌లో పెట్టాను. వెంటనే నిర్మాత మనవడి తరఫున లాయర్ నోటీసు వచ్చింది. రెండు సినిమాలూ వాళ్ల తాతగారివేనట. 'అవి మా కంపెనీ ఆస్తి, పదిహేను రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఎక్కడా అచ్చు వేయకూడదు' అని రాశారు. ఇంతలో అమెరికాలో ఉండే ఒకాయన ఒక స్కెచ్ 40 వేలకు అడుగుతున్నారు. అమ్మొచ్చా? సినిమా వచ్చి 60 ఏళ్లు దాటింది కదా, ఇంకా హక్కులేమిటి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నోటీసు వచ్చింది కదా అని స్కెచ్‌లు పట్టుకెళ్లి ఇచ్చేయకండి. అలాగని ఆ నోటీసును సొరుగులో పడేసి ఊరుకోకండి కూడా. అందులో రెండు వేర్వేరు సంగతులను కలిపేశారు. ఆ కాగితం ఎవరిది అన్నది ఒకటి. దాని మీది బొమ్మను అచ్చు వేసే హక్కు ఎవరిది అన్నది ఇంకొకటి. మొదటి దాంట్లో మీ పక్షం బలంగానే ఉంది. రెండో దాంట్లో మీకు హక్కు లేదు, అయితే నోటీసు ఇచ్చినాయనకు ఉందా అంటే అదీ అనుమానమే.

ముందు కాగితం సంగతి. ఒక వస్తువు ఒకరి స్వాధీనంలో ఉండగా, దానికి వారు యజమాని కారని ఎవరైనా అంటే, ఆ సంగతి రుజువు చేయాల్సింది అలా అన్నవారే. భారతీయ సాక్ష్య అధినియం 113వ సెక్షన్ (పాత సాక్ష్య చట్టంలో 110) చెప్పేది ఇదే. కాబట్టి 'మా కంపెనీ ఆస్తి' అని నోటీసులో రాసినంత మాత్రాన సరిపోదు, కాగితాలు చూపించాలి. అయితే మీకూ ఒక చిక్కుంది. అమ్మినవారికి లేని హక్కు కొన్నవారికి రాదని 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. మీరు ఎంత నమ్మకంగా డబ్బిచ్చి కొన్నా, అవి ఆ కాస్ట్యూమర్‌వి కాకపోతే మీవీ కావు. అప్పుడు మీరు డబ్బు కోసం ఆ అమ్మాయి మీదికి వెళ్లాలి.

మరి అవి ఆయనవి ఎలా అయ్యాయి? ఆర్ట్ డైరెక్టర్ గీసిస్తే కాస్ట్యూమర్ దాన్ని చూసి గుడ్డ తెప్పించి టైలర్లతో కుట్టించేవాడు. షూటింగ్ అయిపోయాక కిరీటాలు, నగలు లెక్కపెట్టి గోడౌన్లో పెట్టేవారు గానీ ఈ కాగితాల కోసం వెతికేవారెవరు? అవి కాస్ట్యూమర్ పెట్టెలోనే ఉండిపోయేవి. ఆర్ట్ డైరెక్టరో కంపెనీయో 'నువ్వే ఉంచుకో' అని ఉంటే అవి ఆయనవే. పని కోసం ఇస్తే తిరిగి ఇవ్వకుండా ఉంచుకున్నాడన్నది అవతలివాళ్ల వాదన అవుతుంది. ఇంత కాలం తర్వాత సాక్షులు దొరకడం కష్టం. ఇక మాట్లాడాల్సింది ఆ స్కెచ్‌లే.

కాబట్టి ఒక్కొక్కటీ తీసి, లైటు కింద ముందూ వెనకా చూడండి. వెనక కంపెనీ రబ్బరు స్టాంపు, ప్రొడక్షన్ నంబరు, రిజిస్టర్‌లో ఎక్కించినట్టు వరస సంఖ్య ఏమైనా ఉంటే నోటీసు ఇచ్చినాయన వాదనకు బలం. ఏ స్టాంపూ లేకుండా ఆర్ట్ డైరెక్టర్ చేతిరాతతో కాస్ట్యూమర్ పేరు రాసి ఉంటే మీకు బలం. మూలన గుండుసూదితో గుచ్చిన పట్టు ముక్క, దాని చుట్టూ తుప్పు మరక, అంచున పెన్సిల్‌తో 'జరీ ఇంకా వెడల్పు', 'భుజం దగ్గర పూసలు వద్దు' లాంటి టైలర్‌కు చెప్పిన మాటలు ఉంటే అది పనిలో వాడిన అసలు స్కెచ్ అనడానికి ఆనవాళ్లు. నకలు కాదని తేల్చేవీ అవే. దయచేసి ఆ సూదులు పీకకండి, మరకలు తుడవకండి, లామినేషన్ అయితే అసలే వద్దు. సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే చెరిపేసుకున్నట్టవుతుంది. ఉన్నది ఉన్నట్టు రెండు వైపులా ఫోటోలు తీసి తేదీతో దాచండి.

ఆ తర్వాత చేయాల్సిన పని, చాలామంది కలెక్టర్లు చేయనిది, అమ్మినవారి దగ్గర రాతపూర్వకంగా తీసుకోవడం. వాళ్ల నాన్నగారికి అవి ఎలా వచ్చాయి, ఎన్నేళ్లుగా ఇంట్లో ఉన్నాయి, మీకు ఎప్పుడు ఎంతకు అమ్మారు అన్న వివరాలతో అఫిడవిట్ చేయించండి. ఆమెకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారా అని అడిగారా? హిందూ వారసత్వ చట్టం వర్తించే కుటుంబమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, ఆయన ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లి ఉంటే తల్లికి కూడా వాటా ఉంటుంది. ఒక్క కూతురు అమ్మితే మిగతావాళ్లు రేపు మీ గుమ్మం ఎక్కొచ్చు. వాళ్ల దగ్గర కూడా అభ్యంతరం లేదని సంతకాలు తీసుకోండి. నిర్మాత మనవడి నోటీసు కంటే నాకు దీని గురించే ఎక్కువ బెంగగా ఉంది.

ఇక కాలపరిమితి. పోయిన లేదా కాజేసిన ఫలానా వస్తువును తిరిగి ఇప్పించమని దావా వేయడానికి 1963 లిమిటేషన్ చట్టం 68వ ఆర్టికల్ మూడేళ్లు గడువు ఇస్తుంది. అది వస్తువు పోయిన రోజు నుంచి కాదు, అది ఎవరి దగ్గర ఉందో హక్కుదారుకు మొదటిసారి తెలిసిన రోజు నుంచి. కాబట్టి 60 ఏళ్లు గడిచాయి గనక గడువు చెల్లిపోయిందని ధీమాగా ఉండకండి. మీ ఫేస్‌బుక్ పోస్టు చూసే తెలిసిందని నిర్మాత మనవడు అంటారు. ఆ పోస్టును తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, ఆ మూడేళ్లు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పే రుజువు అదే. దొంగసొత్తు అని భయపెడితే కంగారు పడకండి. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం కావాలంటే అది దొంగసొత్తు అని మీకు తెలిసి ఉండాలి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండాలి, పైగా మీకు దురుద్దేశం ఉండాలి. ఇంటికెళ్లి డబ్బిచ్చి కొని, అందరికీ కనబడేలా పెట్టిన మనిషికి అది అంటగట్టడం తేలిక కాదు.

ఇప్పుడు బొమ్మ మీద హక్కు. సినిమాకు 60 ఏళ్లు దాటితే అన్నీ దాటినట్టే అన్నది చాలామంది అనుకునేదే. 1962 సినిమా మీద కాపీరైట్ 2022 డిసెంబర్ 31తో ముగిసిన మాట నిజం. అయితే స్కెచ్ సినిమాలో భాగం కాదు, చట్టం దృష్టిలో అది విడిగా ఒక కళాకృతి. కళాకృతికి గడువు గీసిన మనిషి జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు. ఆయన 1985లో పోయారు గనక మామూలు లెక్కలో 2045 డిసెంబర్ 31 దాకా హక్కు ఉంటుంది. సినిమా మీద కాపీరైట్ పోయినా, దాని కోసం గీసిన బొమ్మను అచ్చు వేయకూడదు. వింతగా ఉన్నా లెక్క అంతే.

ఆ హక్కు ఎవరిది అన్నదగ్గరే అసలు తగువు. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా గీసినవారిదే. జీతానికి ఉద్యోగిగా ఉండి, ఆ ఉద్యోగంలో భాగంగా గీస్తే యజమానిది. ఇక్కడ యజమాని ఎవరో చూడండి. ఆ రోజుల్లో ఆర్ట్ డైరెక్టర్ స్టూడియో జీతగాడైతే, నిర్మాత ఆ స్టూడియోను అద్దెకు తీసుకుని సినిమా తీసి ఉంటే, హక్కు స్టూడియోది అవుతుంది. నిర్మాతది కాదు. ఆర్ట్ డైరెక్టర్ ఎవరి ఉద్యోగీ కాకుండా సినిమాకింత అని ఒప్పుకుని ఉంటే ఇంకో మెలిక. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్ మీద హక్కు వేయించుకున్నవారిదని అదే సెక్షన్ చెబుతుంది, కానీ అందులో డ్రాయింగ్ అన్న మాట లేదు. అంటే వాటర్ కలర్ వేసినవాటి మీద నిర్మాత వాదించగలరు, ఉత్తి పెన్సిల్ గీతల మీద ఆ వాదన బలహీనం. రంగు డబ్బా తెరిచారా లేదా అన్నదాని మీద హక్కు మారడం చదువరులకు నవ్వొస్తుందేమో గానీ, కోర్టులో దీని మీద రోజులు గడుస్తాయి.

1955 నాటి రెండింటికీ హక్కుదారు ఎవరన్న ఈ లెక్క వర్తించదు. ఇప్పటి చట్టం 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు గీసినవాటికి మొదటి హక్కుదారు ఎవరో 1911 నాటి పాత చట్టం ప్రకారం చూడాలి. అందులో డబ్బిచ్చి చేయించుకున్నవారికి హక్కు ఇచ్చింది ఎన్‌గ్రేవింగ్, ఫోటో, పోర్ట్రెయిట్ ఈ మూడింటికే. కాబట్టి ఆ రెండూ జీతం మీద గీసినవి కాకపోతే, హక్కు ఆర్ట్ డైరెక్టర్ వారసులదే అనడానికి మంచి అవకాశం ఉంది.

మీరు కొన్నది కాగితం. దానితో పాటు కాపీరైట్ రాదు, అది విడిగా రాసి సంతకం చేస్తేనే చేతులు మారుతుంది. ఒక్క మినహాయింపు ఉంది. ఎక్కడా ప్రచురించని బొమ్మను దాని హక్కుదారు వీలునామాలో ఎవరికైనా రాసి పోతే, వేరుగా చెప్పకపోయినా కాపీరైట్ కూడా వారికే వెళ్తుంది. ఆర్ట్ డైరెక్టర్ వీలునామా ఏదైనా రాశారేమో వారసులను అడగండి.

పుస్తకం మాటకొస్తే, ముందు ఆర్ట్ డైరెక్టర్ వారసులను కలిసి అందరి సంతకాలతో అనుమతి తీసుకోండి. ఎన్నేళ్లకు, ఏ దేశాలకు, అచ్చుకా, ఇంటర్నెట్‌కు కూడానా అన్నది స్పష్టంగా రాయించుకోండి. విమర్శ కోసం ఒకటో రెండో బొమ్మలు వాడుకునే వెసులుబాటు చట్టంలో ఉంది గానీ, పేజీకో బొమ్మ వేసే పుస్తకానికి అది సరిపోదు. ఇది తేలేదాకా ఫేస్‌బుక్‌లో పెట్టిన పెద్ద సైజు ఫోటోలు తీసేయడమే మేలు. స్క్రీన్‌షాట్ ఎలాగూ ఉంటుంది. పుస్తకంలో గీసినవారి పేరు తప్పక వేయండి, బొమ్మను కత్తిరించి ముఖచిత్రానికి అతికించకండి. కళాకారుడి నైతిక హక్కులు కాపీరైట్ అమ్మేసినా పోవు. ఢిల్లీలోని ప్రభుత్వ భవనం విజ్ఞాన్ భవన్ నుంచి శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కుడ్యశిల్పాన్ని ఊడదీసి పాడుచేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2005లో ప్రభుత్వం మీదే 5 లక్షల నష్టపరిహారం వేసింది.

అమ్మకం సంగతి. నోటీసు చేతిలో పెట్టుకుని ఇప్పుడు అమ్మితే, వివాదం తెలిసి వదిలించుకున్నారని అంటారు. కొన్నాళ్లు ఆగమని అమెరికా ఆయనకు నిజం చెప్పండి. తర్వాత అమ్మినా రెండు సంగతులు చూసుకోవాలి. ఒరిజినల్ పెయింటింగ్ లేదా డ్రాయింగ్‌ను 10,000 రూపాయలకు మించి తిరిగి అమ్మితే, ఆ ధరలో వాటా అడిగే హక్కు గీసినవారికి, వారి తర్వాత వారసులకు కాపీరైట్ చట్టం 53ఏ సెక్షన్ ఇస్తుంది. ఎంత అన్నది కోర్టు తేలుస్తుంది గానీ 10 శాతం మించకూడదు. మీ 40 వేలలో ఎక్కువలో ఎక్కువ 4 వేలు. గీసినాయనే మొదటి హక్కుదారు అయితేనే ఇది వర్తిస్తుంది. నన్నడిగితే పుస్తకం అనుమతి కోసం ఎలాగూ ఆ వారసుల దగ్గరకే వెళ్తున్నారు, ఆ 4 వేలు అడక్కముందే ఇవ్వండి, పని సాఫీగా జరుగుతుంది.

రెండోది దేశం దాటించడం. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం కళాకృతికి వందేళ్లు నిండితే పురావస్తువు. చారిత్రక విలువ ఉన్న రాతప్రతి, రికార్డు లేదా పత్రానికి 75 ఏళ్లు చాలు. అలాంటివి ప్రైవేటు వ్యక్తులు బయటికి పంపడం నేరం. మీవాటికి ఇంకా ఏ గడువూ నిండలేదు. అయితే టైలర్‌కు రాసిన సూచనలతో ఉన్న 1955 స్కెచ్‌ను కస్టమ్స్‌వాళ్లు పత్రంగా చూస్తే దానికి 2030లో 75 నిండుతాయి. ఏ స్కెచ్ పంపినా, అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వే శాఖ ఇచ్చే సర్టిఫికెట్ తీసుకునే పంపండి.

ఇక నోటీసుకు జవాబు. పదిహేను రోజుల్లోపు మీ లాయర్ చేత పంపించండి. 'మీ స్కెచ్‌లు నా దగ్గర ఉన్నాయి' లాంటి మాట అందులో పొరపాటున కూడా ఉండకూడదు. డబ్బిచ్చి కొన్నానని, కాగితం మీద హక్కు నాదని చెప్పి, కంపెనీ హక్కు చూపే ఉద్యోగ ఒప్పందం, జీతాల రిజిస్టర్, సినిమా ఒప్పందం నకళ్లు పంపమని అడగండి. నిర్మాత మనవడు ఒక్కడే వారసుడా, ఆ కంపెనీ ఇంకా ఉందా అని కూడా అడగండి. హక్కు లేకుండా కాపీరైట్ పేరుతో బెదిరిస్తూ పోతే, ఆ బెదిరింపులు ఆపించమని కాపీరైట్ చట్టం 60వ సెక్షన్ కింద మీరే కోర్టుకు వెళ్లొచ్చు. అయితే అవతలివారు తగిన శ్రద్ధతో కేసు వేసేస్తే ఆ దారి మూసుకుపోతుంది, అప్పుడు అదే కేసులో మీ వాదన చెప్పుకోవాలి.