స్లీవ్ సర్జరీ తర్వాత జుట్టు ఊడటం: ఇప్పుడు రాలేది మూడు నెలల నాటి లెక్క

మీ ప్రశ్న చదివాను. బరువు తగ్గడానికి కడుపులో చాలా భాగం తీసేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని నాలుగో నెల, బరువు బాగానే తగ్గుతోంది, కానీ తలంటుకుంటే జుట్టు గుప్పెళ్ళతో వస్తోంది, బట్టతల అయిపోతుందా, జుట్టుకని అమ్మే బయోటిన్ విటమిన్ మాత్రలు వేసుకోవాలా, లేక ఇదంతా బెంగళూరు బోరు నీళ్ళ వల్లేనా అని అడిగారు. నాదీ స్లీవే. నేనూ ఈ ఊళ్ళోనే, మారతహళ్ళిలో ఉంటాను. బట్టతల కాదండీ. ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. అయితే ఆ లెక్క ఏమిటో తెలిశాకే నా టెన్షన్ తగ్గింది కాబట్టి అదే ముందు చెప్తాను.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. మామూలు రోజుల్లో వాటిలో నూటికి 85, 90 పెరుగుతూ ఉంటాయి, మిగతావి విశ్రాంతిలో ఉంటాయి. ఆపరేషన్, మత్తు, ఆ తర్వాత వారాల తరబడి ద్రవాలే ఆహారం, బరువు గబగబా పడిపోవడం, ఇవన్నీ ఒకేసారి మీద పడేసరికి పెరిగే వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. అక్కడ రెండు మూడు నెలలు ఉండి, ఆ తర్వాత రాలతాయి. డాక్టర్లు దీన్నే టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. అంటే ఇవాళ మీ బాత్రూం జాలీలో చిక్కుకున్న జుట్టు ఆపరేషన్ రోజుల్లోనే సెలవు పెట్టేసింది. ఈ వారం ఏం రాసినా, ఏం మింగినా దాన్ని ఆపలేం. ఈ వారం మీరు తినేది రాబోయే నెలల జుట్టుకి.

బాలింతలకు ఊడేదీ ఇదే. పసివాడు తల్లి ముఖం గుర్తుపట్టి నవ్వడం మొదలెడితే తల్లి జుట్టు ఊడుతుందని మా ఇంట్లో పెద్దవాళ్ళు అనేవారు. పిల్లలు అలా నవ్వేది రెండో నెల, మూడో నెలలోనే కదా. నెల సరిగ్గానే పట్టారు, నేరం మాత్రం పాపం పసివాడి మీద వేశారు.

ఒక పని చేయండి. ఊడిన వెంట్రుక ఒకటి తీసుకుని వెలుతురులో చూడండి. ఒక చివర ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి బుడిపె కనిపిస్తుంది. అది చూసి "వేరుతో సహా వచ్చేసింది, ఇక మొలవదు" అని భయపడతారు చాలామంది. అది వేరు కాదు. విశ్రాంతి దశ పూర్తయిన వెంట్రుకకు చివర అలాగే ఉంటుంది. కుదురు లోపలే భద్రంగా ఉంది.

నీళ్ళ సంగతికొస్తే, మన ట్యాంకర్ నీళ్ళు, బోరు నీళ్ళు గట్టివే. కుళాయిల మీద తెల్లగా పేరుకునేది చూస్తూనే ఉన్నాం. ఆ నీళ్ళకు జుట్టు గరుకెక్కుతుంది, మధ్యలో తెగుతుంది కూడా. కానీ బుడిపెతో సహా ఇన్నేసి రాలడం నీళ్ళ పని కాదు. అవే నీళ్ళు పోసుకునే మీ ఇంట్లో మిగతావాళ్ళ తలలు చూడండి. షవర్ ఫిల్టర్ పెట్టుకుంటే పెట్టుకోండి, దాని మీద ఆశ మాత్రం పెట్టుకోకండి. ఇక్కడో తమాషా ఉంది. ఆరో నెలకో తొమ్మిదో నెలకో చాలామందికి ఊడటం దానంతట అదే తగ్గుతుంది. సరిగ్గా అప్పుడు ఏది వాడుతుంటే దానికి పేరొస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ ఫిల్టర్ అంటారు, ఇంకొకావిడ ఉల్లిపాయ రసం అంటారు, ఇద్దరూ ఒట్టేసి మరీ చెప్తారు.

నిజంగా చేతిలో ఉన్నది ప్రొటీన్. రోజుకు కనీసం 60 గ్రాములు. మన కడుపు ఇప్పుడు చిన్న టీ గ్లాసంత. అందులో మొదట ఏం వేస్తామన్నదే అసలు సంగతి. దర్శినిలో, అంటే ఇక్కడి నిలబడి తినే చిన్న హోటల్లో, ఒక ఇడ్లీ తింటే నిండిపోతుంది, దక్కేది రెండు గ్రాములు. గుడ్డుకి ఆరు, వంద గ్రాముల పన్నీరుకి 18 దాకా, అంతే ఉడికిన చికెన్‌కి 25 పైన. చారు నీళ్ళలో, పప్పుకట్టులో బలం ఉందనుకుంటాం గానీ లెక్కకు ఏమీ రాదు. మనకు అన్నం కలుపుకుంటేనే భోజనం మొదలైనట్టు. అది తిరగేయాలి. ముందు ముక్కో గుడ్డో పన్నీరో, చోటు మిగిలితేనే రెండు ముద్దల అన్నం. పాల విరుగుడు తేట నుంచి తీసే వే ప్రొటీన్ పొడి పాలల్లో వాసన పడక నేను ఫ్లేవర్ లేనిది కొని, పల్చటి మజ్జిగలో కాస్త ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి వేసి కొంచెం కొంచెంగా తాగేదాన్ని. అలా అయితే దిగింది.

రక్త పరీక్షల్లో హిమోగ్లోబిన్ బాగుంది కదా అని ఊరుకోకండి. ఫెరిటిన్ అడిగి చేయించుకోండి, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది అది. దాంతోపాటు బి12, ఫోలేట్, విటమిన్ డి, జింక్, థైరాయిడ్. ఐరన్ మాత్రకీ కాల్షియం మాత్రకీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఫిల్టర్ కాఫీతో ఐరన్ మింగితే సగం వృథా. బయోటిన్ లోపం లేనివాళ్ళకు అది జుట్టు తెప్పిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదులో వాడితే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా చూపించగలదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరించింది. ఇప్పటికే వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు డాక్టరుకి చెప్పండి. జింక్ కూడా సొంతంగా పెంచుకోవద్దు, అది ఎక్కువైతే కాపర్ పడిపోతుంది.

ఈలోగా రోజులు గడవాలి కదా. తలంటు మానేస్తే ఊడటం తగ్గదు, వాయిదా పడుతుంది, నాలుగు రోజులది ఒకేసారి వచ్చి ఇంకా భయపెడుతుంది. మామూలుగానే తలంటుకోండి. నేను భుజాల దాకా కత్తిరించేశాను. పాపిట వెడల్పు కనబడకుండా పక్క పాపిట తీశాను. ఒక పెళ్ళికి మల్లెపూలు పెట్టుకుంటే జడ పల్చబడి జారిపోతున్నాయని సవరం పెట్టుకున్నాను. బరువైనది వద్దు, కుదుళ్ళు లాగుతాయి, ఇంటికి రాగానే తీసేయండి. "ఆపరేషన్లు చేయించుకుంటే ఇంతే" అనే చుట్టాలు ఉంటారు. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేకపోయిన రోజుల్లో వాళ్ళెవరూ రాలేదు గనక నేను జవాబివ్వలేదు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నవాళ్ళూ ఉన్నారు. తిరుమలలో తలనీలాలో, మూడు కత్తెర్లో ఇవ్వాలని మొక్కుంటే భక్తితో ఇవ్వండి. చర్మం కింద కుదురుకి మాత్రం దాంతో ఏమీ తేడా రాదు.

తిరిగి వచ్చేటప్పుడు నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని, నూనె రాసినా అణగవు. నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి పాత జడ కావాలంటే ఏళ్ళు పడుతుంది. అది మాత్రం ముందే తెలిసి ఉండటం మంచిది.

ఆగకుండా ఏడాది దాటినా, సర్జరీ అయిన చాలాకాలానికి కొత్తగా మొదలైనా, పేనుకొరుకుడులా రూపాయి బిళ్ళంత మేర నున్నగా అయినా చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి. ఆయాసం వస్తుంటే, ఐసు ముక్కలో పచ్చి బియ్యమో బలపాలో నమలాలనిపిస్తుంటే ఐరన్ పడిపోయిందేమో చూడాలి. పదే పదే వాంతులు అవుతూ కాళ్ళు తిమ్మిర్లెక్కుతుంటే జుట్టు సంగతి పక్కన పెట్టి ఆ రోజే మీ సర్జన్‌కి ఫోన్ చేయండి. బి1 విటమిన్ పడిపోతే నరాలకే దెబ్బ, దానికి వారం ఆగకూడదు.