ఎడారిలో తప్పిపోయిన వారిని స్వచ్ఛంద బృందాలు ఎలా వెతుకుతాయి?

ఎక్కువ మంది దిగితే సరిపోతుందని అనిపిస్తుంది గాని, ఎక్కడ వెతకాలన్నదే అసలు ప్రశ్న. 1996 జులైలో అమెరికాలోని డెత్ వ్యాలీలో నలుగురు జర్మన్ పర్యాటకులు (వారిలో ఇద్దరు పిల్లలన్నది ఇప్పటికీ మనసును కలచివేస్తుంది) కనబడకుండా పోయారు. అక్టోబరులో టైర్లు పాడైన వారి వ్యాను యాన్విల్ కాన్యన్‌లో దొరికినా, ఆ తరువాత జరిగిన భారీ గాలింపులో మనుషుల జాడ తెలియలేదు.

2009 నవంబరులో పెద్దవారి అవశేషాలను కనుగొన్నది గాలింపులో అనుభవం గల ఇద్దరు స్వచ్ఛంద కార్యకర్తలు. పటంలో దక్షిణాన చైనా లేక్ నౌకాదళ స్థావరం సరిహద్దు కనిపిస్తుంది కనుక, అక్కడ కంచె, కాపలా ఉంటాయని, సహాయం దొరుకుతుందని ఆ నలుగురూ నమ్మి అటు నడిచి ఉంటారని ఆ కార్యకర్తల్లో ఒకరు ఊహించారు. నిజానికి ఆ సరిహద్దు జనసంచారం లేని బంజరే.

తప్పిపోయినవారి కళ్లతో పటాన్ని చూడడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగమని నా అభిప్రాయం. మిగిలినది ఓపిక: చల్లని నెలల్లో వెళ్లడం, తాగునీరు మోసుకుపోవడం, ఎండిన వాగులను, పొదల నీడలను పరిశీలించడం, నడిచిన ప్రతి దారినీ జీపీఎస్‌లో నమోదు చేసి, చూడని చోటు ఏదో తరువాతి బృందానికి తెలియజేయడం.