వ్లాదిమిర్, వొలొదిమిర్ ఒకటేనా?

ప్రశ్న: పుతిన్ పేరు వ్లాదిమిర్, జెలెన్‌స్కీ పేరు వొలొదిమిర్. రెండూ ఒకటేనా? 'లోకాన్ని ఏలేవాడు' అని ఒకచోట, 'శాంతితో పాలించేవాడు' అని ఇంకోచోట చదివాను. ఏది కరెక్ట్?

జవాబు: ఒకటే పేరండీ, పలకడమే వేరు. 'ఏలడం' అనే మాటను కీవ్ వైపు జనం 'వొలొద్' అనేవాళ్లు, దక్షిణాన బల్గేరియా వైపు 'వ్లాద్' అనేవాళ్లు. చర్చి పుస్తకాలు ఆ దక్షిణాది భాషలోనే ఉండేవి కాబట్టి రష్యన్లు పుస్తకంలో రూపానికి అలవాటుపడ్డారు, ఉక్రేనియన్లు నోట్లో నలిగినదాన్నే ఉంచుకున్నారు. అయినా రష్యాలో కూడా వ్లాదిమిర్‌ని ముద్దుగా 'వొలోద్యా' అనే అంటారు, లెనిన్‌ని ఇంట్లోవాళ్లు పిలిచింది అలాగే.

ఇక అర్థం సంగతి. 'మిర్' అంటే ఇప్పటి రష్యన్‌లో శాంతి, లోకం రెండూనూ, మీరు చదివిన రెండు అర్థాలూ అక్కణ్ణుంచి వచ్చినవే. కానీ పాత రాతల్లో ఈ పేరు చివర ఉన్నది 'మేర్'. గొప్ప, పేరుమోసిన అని దాని అర్థం, గోథిక్ అనే పాత జర్మానిక్ భాషలోని 'మేర్స్' దీనికి చుట్టమే. అంటే 'ఏలికలో గొప్పవాడు'. మేర్ అంటే ఏంటో జనం మర్చిపోయాక తెలిసిన 'మిర్'ని అక్కడ కూర్చోబెట్టేశారు. శాంతి అర్థం వినడానికి బాగుంటుంది గానీ, నేనైతే పాతదానికే ఓటేస్తాను.

ఈ పేరున్న తొలి రాజుల్లో ఒకడు బల్గేరియాను 889 నుంచి 893 దాకా ఏలాడు. క్రైస్తవానికి ముందున్న పాత దేవుళ్లను మళ్లీ నిలబెడదామని చూస్తే, అప్పటికే సన్యాసం పుచ్చుకున్న తండ్రి బోరిస్ మఠం వదిలి వచ్చి మరీ కొడుకుని గద్దె దించి కళ్లు పొడిపించాడు! పేరుకి దశ తిరిగింది మాత్రం 988లో క్రైస్తవం తీసుకున్న కీవ్ రాజు వల్ల. బాప్తిస్మంలో ఆయనకు వసీలీ అని గ్రీకు పేరు పెట్టారు, అయినా లోకానికి వ్లాదిమిర్‌గానే మిగిలాడు, తర్వాత సెయింట్ కూడా అయ్యాడు. చర్చిలో పిల్లలకు సెయింట్ల పేర్లే పెట్టాలి కదా, ఆయన పుణ్యమా అని ఇది నిలిచింది, బోలెడు స్లావ్ పేర్లకు ఆ అదృష్టం పట్టలేదు. డెన్మార్క్ దాకా పాకింది కూడా, 1131లో పుట్టిన వాల్దెమార్ రాజుకి పెట్టింది తల్లివైపు ముత్తాత, తర్వాతి కాలపు కీవ్ రాజు వ్లాదిమిర్ మొనొమఖ్ పేరే.

ఆ 988 నాటి రాజు మావాడంటే మావాడని రెండు దేశాలూ ఇప్పటికీ వాదించుకుంటున్నాయి. కీవ్‌లో ఆయన విగ్రహం 1853 నుంచీ ఉంది, మాస్కోలో క్రెమ్లిన్ పక్కన 2016లో పుతిన్ ఇంకా పెద్దది ఆవిష్కరించాడు.