వెబ్‌సైట్ ఆర్డర్లు టాలీలోకి నేరుగా వెళ్లాలంటే

ప్రశ్న: చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. ఆర్డర్లను మా గుమస్తా టాలీప్రైమ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో చేత్తో ఎక్కిస్తున్నారు. టాలీ కంప్యూటర్‌లో 9000 పోర్టును (వేరే ప్రోగ్రామ్‌లు టాలీతో మాట్లాడే దారిని) ఇంటర్నెట్‌కి తెరిస్తే వెబ్‌సైటే బిల్లులు పంపుతుందని డెవలపర్ అంటున్నారు. తెరవమంటారా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: వద్దండీ, దయచేసి తెరవకండి. ఆ పోర్టుకి వచ్చిన అభ్యర్థనను టాలీ పాస్‌వర్డ్ అడగకుండానే తీసుకుంటుంది. అక్కడిదాకా రాగలిగినవాళ్లు మీ లెడ్జర్లు (ఖాతాలు) చదవగలరు, వోచర్లు (బిల్లుల్లాంటి లావాదేవీల నమోదులు) కూడా వేయగలరు. దారిని తిప్పి పెట్టండి. ఆఫీసు కంప్యూటర్‌లోనే ఒక చిన్న ప్రోగ్రామ్ ఉండాలి. అది పదిహేను నిమిషాలకోసారి వెబ్‌సైట్ ఏపీఐని (ప్రోగ్రామ్‌లు సమాచారం అడిగి తీసుకునే దారిని) అడిగి కొత్త ఆర్డర్లు తెచ్చుకుని, పక్కనే ఉన్న టాలీకి ఇస్తుంది. బయటినుంచి లోపలికి ఏ తలుపూ తెరవక్కర్లేదు.

టాలీలో ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్, కనెక్టివిటీలోకి వెళ్లండి. అక్కడ టాలీ పాత్ర ‘బోత్’ అనీ, పోర్టు 9000 అనీ పెట్టి, టాలీని మూసి తెరవండి. అదే కంప్యూటర్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:9000 కొడితే సర్వర్ నడుస్తోందని ఒక వాక్యం కనిపించాలి. అది కనబడేదాకా కోడ్ జోలికి పోవద్దు. టాలీలో మీ కంపెనీ తెరిచి ఉండాలన్నది కూడా మరిచిపోకండి.

ప్రోగ్రామ్ పంపే వోచర్ ఎక్స్‌ఎంఎల్ రూపంలో, అంటే ట్యాగుల మధ్య వివరాలు రాసే పద్ధతిలో ఉంటుంది. ఎక్కువమంది తడబడేది ప్లస్, మైనస్‌ల దగ్గర. ఇక్కడ డెబిట్ మైనస్, క్రెడిట్ ప్లస్. 2,000 రూపాయల చీర హైదరాబాద్‌కి అమ్మారనుకోండి. రాష్ట్రం దాటింది కాబట్టి ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల జీఎస్‌టీ) 5 శాతం, అంటే 100. కొన్నవారి ఖాతా మైనస్ 2,100, అమ్మకాలు 2,000, ఐజీఎస్‌టీ 100. మొత్తం కూడితే సున్నా రావాలి.

పైసాల దగ్గర ఇంకా జాగ్రత్త. పన్నుతో కలిపి 1,799 ధర పెట్టిన చీర గుంటూరుకి వెళ్లిందంటే రాష్ట్రంలోనే కాబట్టి జీఎస్‌టీ కేంద్రానికీ (సీజీఎస్‌టీ), రాష్ట్రానికీ (ఎస్‌జీఎస్‌టీ) సగం సగం. అసలు 1,713.33, సీజీఎస్‌టీ 42.83, ఎస్‌జీఎస్‌టీ 42.83. కూడితే 1,798.99. ఒక్క పైసా తగ్గింది, బిల్లు సరిపోదు. ఆ తేడాను రౌండ్ ఆఫ్ లెడ్జర్‌కి వేసేలా ప్రోగ్రామ్‌లోనే రాయించండి.

లెడ్జర్ పేర్లు టాలీలో ఉన్నట్టే ఉండాలి, లేని లెడ్జర్‌ని టాలీ ఒప్పుకోదు. కొత్త కొనుగోలుదారైతే ముందు లెడ్జర్, తర్వాతే వోచర్. పేరులో & గుర్తు ఉంటే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో ఎస్కేప్ చేయకపోతే, అంటే & అని రాయకపోతే మొత్తం సందేశమే చెడిపోతుంది. ఇంకోటి, వోచర్ పడకపోయినా టాలీ జవాబు కోడ్ 200 (అంతా సరే అనే కోడ్) అనే వస్తుంది. ఆ కోడ్‌ని నమ్మకండి. లోపల ‘క్రియేటెడ్’ ఎదుట 1 ఉందా, ‘లైన్ ఎర్రర్’లో కారణం ఏమైనా రాసిందా అని చూడాలి.

ప్రశ్న: మధ్యలో కరెంటు పోతే అదే బిల్లు రెండుసార్లు పడదా?
– ఒక అకౌంటెంట్, వరంగల్

జవాబు: ఏ గుర్తూ లేకుండా పంపితే పడుతుంది. ప్రతి వోచర్‌కీ ‘రిమోట్ ఐడీ’ ఇవ్వండి, అది ఆర్డర్ నంబర్ నుంచే రావాలి. అదే ఐడీతో మళ్లీ పంపితే కొత్తది పడకుండా పాతదే మారుతుంది. ఇందులో ఒక చిక్కుంది. ఈలోగా మీరు ఆ వోచర్‌ని టాలీలో చేత్తో దిద్ది ఉంటే ఆ దిద్దుబాటు పోతుంది. అందుకే టాలీ నుంచి విజయవంతమైన జవాబు వచ్చిన ఆర్డర్లను ప్రోగ్రామ్ తన దగ్గర రాసిపెట్టుకుని, వాటిని మళ్లీ పంపకుండా ఉండాలి. ఏపీఐని మాత్రం కాస్త వెనకటి సమయం నుంచే అడగాలి, లేకపోతే ఆలస్యంగా నమోదైన ఆర్డర్లు జారిపోతాయి.

ప్రశ్న: పరీక్షిస్తుంటే నెలలో 1, 2 తేదీల బిల్లులు పడుతున్నాయి, 14వ తేదీవి పడటం లేదు. తేదీ రాసే పద్ధతి తప్పా?
– ఒక డెవలపర్, హైదరాబాద్

జవాబు: మీ టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో (లైసెన్స్ లేకుండా నేర్చుకోవడానికి నడిపే పద్ధతిలో) ఉంది. అందులో కొన్ని తేదీలకే వోచర్లు వేయనిస్తుంది. లైసెన్స్ ఉన్న కంప్యూటర్‌లో, మీ కంపెనీ లెక్కల నకలు మీద పరీక్షించండి. తేదీని మాత్రం ఏడాది, నెల, రోజు వరసలో గీతలు లేకుండా 20250414 లాగే పంపండి.