నెల్లూరు, మార్కాపురం మధ్య సొంత చిన్న విమానం తిరగాలంటే

అడిగినది క్లుప్తంగా: చీమకుర్తిలో గ్రానైట్, అల్లూరు వైపు రొయ్యల గుంటలు, మార్కాపురం దగ్గర మెట్ట భూమి ఉన్న నలుగురు కలిసి రెండు సీట్ల విమానం కొని ఈ ఊళ్ల మధ్య తిరగాలనుకుంటున్నారు. ఏ విమానం మంచిది, ఇదే పద్ధతిని తర్వాత ఈ ప్రాంతం వాళ్లందరికీ అందేలా పెంచొచ్చా అన్నది ప్రశ్న.

విమానం సంగతి తర్వాత చూద్దాం. ముందు దూరాలు. నెల్లూరు నుంచి ఒంగోలుకు గాలిలో సుమారు 118 కిలోమీటర్లు, హైవే మీదా దాదాపు అంతే, కారులో రెండు గంటలు. గంటకు 190 కిలోమీటర్లు పోయే విమానం 40 నిమిషాల్లో చేరుతుంది. దానికి షెడ్డులోంచి బయటికి తీసి పరీక్షించడానికి అరగంట, రెండు వైపులా ఊరికీ స్ట్రిప్‌కీ (విమానం దిగే చిన్న రన్‌వే) మధ్య కారు ప్రయాణం, దిగాక కట్టేసి కప్పే పని కలిపితే అవే రెండు గంటలు. హైవే వెంబడి ఉన్న ఊళ్ల మధ్య విమానానికి పని లేదు. హైవే వదిలి, తీరం నుంచి లోపలి ఊళ్లకు పోయేటప్పుడే లాభం. నెల్లూరు నుంచి మార్కాపురానికి గాలిలో 160 చిల్లర కిలోమీటర్లు, గంట లోపు. రోడ్డు మీద నాలుగు గంటలకు తక్కువ కాదు. అన్నీ కలుపుకున్నా సగం సమయం మిగులుతుంది. నా లెక్కలో గాలి దూరం 120 కిలోమీటర్లకు లోపైతే కారే మేలు.

అమెరికాలో నాసా 2001 నుంచి 2005 దాకా ఇలాంటి ఆలోచనతోనే ఒక పెద్ద కార్యక్రమం నడిపింది. టవర్ లేని చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య చిన్న విమానాలు తిరగడం ఎలాగో 2005 జూన్‌లో వర్జీనియాలోని డాన్‌విల్‌లో చేసి చూపించారు. అక్కడ జనం వాడుకునే ఎయిర్‌పోర్టులు ముందే ఐదు వేలకు పైగా ఉన్నాయి. మన నెల్లూరు, ఒంగోలు, మార్కాపురం ప్రాంతంలో ప్రయాణికులు వాడేది ఒక్కటీ లేదు. నెల్లూరు దగ్గర దగదర్తిలో ఎయిర్‌పోర్టు ప్రతిపాదన ఏళ్ల తరబడి వినిపిస్తూనే ఉంది. కొరిశపాడు దగ్గర హైవే మీద ఉన్న అత్యవసర రన్‌వే చూసి చాలామంది ఆశ పడతారు. 2022 డిసెంబరులో అక్కడ ట్రయల్ చేసింది ఎయిర్ ఫోర్స్. ట్రాఫిక్ ఆపి, గస్తీ పెట్టి వాడుకునే ఆ రోడ్డు ప్రైవేటు విమానానికి ఉపయోగపడదు. అందుకే మీ డబ్బులో మొదటి రూపాయి నేల మీద పెట్టాలి.

నేల ఎంత కావాలో విమానం పుస్తకం చూసి చెప్పకండి. 600 కిలోల రెండు సీట్ల విమానానికి, 50 అడుగుల ఎత్తు దాటేవరకు 400 మీటర్లు చాలని పుస్తకంలో ఉందనుకుందాం. అది సముద్రమట్టంలో, 15 డిగ్రీల చలిలో, గట్టి రన్‌వే మీద లెక్క. మన మే నెలలో 42 డిగ్రీలు, అంటే 27 డిగ్రీలు ఎక్కువ. ప్రతి డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున, నెల్లూరులో నేల మీద నిలబడ్డ విమానం కూడా మూడు వేల అడుగుల పైన ఉన్నట్టే లెక్క. పైలట్లు డెన్సిటీ ఆల్టిట్యూడ్ అనేది దీన్నే. ప్రతి పది డిగ్రీలకు దూరం పది శాతం పెంచండి: 515 మీటర్లు. పొట్టి ఎండు గడ్డికి 20 శాతం: 620. మార్కాపురం ఎత్తుకు ఇంకో ఐదు శాతం: 650. చివర్లో భద్రత కోసం 1.33తో హెచ్చించాలి: 865. కాబట్టి 900 మీటర్లు వేసుకోండి. 600 మీటర్లు చాలని చెప్పేవాళ్లు జనవరి పొద్దున, ఒక్కడే కూర్చుని ఎగిరిన లెక్క చెబుతున్నారు. బరువు పది శాతం పెరిగితే దూరం ఇరవై శాతం పెరుగుతుంది. వెనకగాలి ఐదు నాట్లు (గంటకు సుమారు 9 కిలోమీటర్లు) ఉన్నా అంతే.

వెడల్పులో గట్టి చేయాల్సింది 18 మీటర్లు, చదునుగా ఖాళీగా ఉండాల్సింది 60 మీటర్లు, రెండు కొసలా మరో 30 మీటర్ల చొప్పున. మొత్తం 960 మీటర్ల పొడవు, అంటే 14 ఎకరాల పైచిలుకు. షెడ్డుతో కలిపి 16 ఎకరాలు ఒకే బారుగా దొరకాలి. పొలం మధ్యలో ఎవరిదో రెండెకరాల ముక్క అడ్డం వస్తే ఆ స్థలం వదిలేయడమే.

దిశ తేల్చుకోవడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. పొలం గట్టు ఎటుంటే రన్‌వే అటు వేస్తారు. మనకు జూన్, జులైల్లో పడమటి గాలి గట్టిగా కొడుతుంది, అక్టోబరు తర్వాత ఈశాన్యం. తీరంలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి. ఈశాన్యం నుంచి నైరుతికి వేసిన రన్‌వే ఈ రెండు కాలాలకూ చాలావరకు సరిపోతుంది. తేలిక విమానానికి పక్కగాలి పది నాట్లు దాటితే చాలామంది పైలట్లకు కష్టం. అందుకే స్థలం కొనకముందే పది మీటర్ల స్తంభం పాతి, గాలిని కొలిచే మీటరు పెట్టి, ఏడాది పాటు రాసుకోండి. ఏడాదిలో 95 శాతం సమయం పక్కగాలి పది నాట్ల లోపు ఉండే దిశ దొరకాలి.

రన్‌వే కొస నుంచి 20కి 1 వాలులో ఏ అడ్డమూ ఉండకూడదు. అంటే 15 మీటర్ల చెట్టుకు 300 మీటర్ల దూరం. ఇక్కడ కరెంటు స్తంభం కంటే ప్రమాదం జామాయిల్. కొన్న రోజు పక్క చేను ఖాళీగా ఉంటుంది, నాలుగేళ్లకు అది పది మీటర్లు దాటుతుంది. తీరంలో సరుగుడు కూడా అంతే. రెండు కొసలా పక్క రైతులతో పొట్టి పంటలే వేసేలా కౌలు ఒప్పందం రాయించుకోండి. చీమకుర్తి క్వారీల దగ్గర మాత్రం స్ట్రిప్ వద్దు. బ్లాస్టింగ్‌లో రాయి ఎంత దూరం ఎగురుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నల్లరేగడి అసలు వద్దు. ఎండలో నెర్రెలు, వానలో బురద. ఎర్ర గరప నేల చూసుకోండి. 900 మీటర్లు, 18 మీటర్లు, 15 సెంటీమీటర్ల మందం అంటే గట్టిపడ్డాక 2,430 ఘనపు మీటర్ల గ్రావెల్. వదులుగా తోలేటప్పుడు మూడు వేల పైన లెక్కేసుకోండి. ఒకే పొరగా పోసి రోలర్ తిప్పితే పైన గట్టిగా, కింద గుల్లగా ఉంటుంది. రెండు పొరలుగా, ప్రతి పొరా తడిపి తొక్కించాలి. నడుమ నుంచి పక్కలకు ఒకటిన్నర, రెండు శాతం వాలు. నీటి కాలువ 60 మీటర్ల హద్దు బయటే తీయాలి. రన్‌వే అంచునే కాలువ తవ్వితే, పక్కగాలికి జరిగిన విమానం ముందు చక్రం అందులో పడి విరుగుతుంది. ఇంజిన్ పరీక్షించే చోట పది మీటర్ల చదరం కాంక్రీటు పోయండి, లేకపోతే గులకరాళ్లు ప్రొపెల్లర్ అంచుల్ని కొరికేస్తాయి. పని పూర్తయ్యాక కారును 60 కిలోమీటర్ల వేగంతో ఆ కొస నుంచి ఈ కొసకు నడపండి. లోపల కుదుపు ఇబ్బంది పెడితే విమానానికి ఇంకా సిద్ధం కాలేదన్నట్టే. కంచె లేనిదే ఎగరొద్దు. బర్రెలు, మేకలు, అడవి పందులు రన్‌వేని గుర్తించవు.

ఇక ఇంజిన్. ఈ తరగతిలో ఎక్కువగా కనిపించేది రోటాక్స్ 912, 100 గుర్రపు శక్తి, గంటకు 18 నుంచి 20 లీటర్లు. మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ నాల్ చేసిన రెండు సీట్ల విమానం హంస ఎన్‌జీలో ఉన్నది కూడా ఈ కుటుంబం ఇంజినే. బంకులో పెట్రోలు పోసుకోవచ్చని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ మాట మన దగ్గర ఇప్పుడు చెల్లదు. బంకుల్లో ఉన్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఈ ఇంజిన్‌కు అనుమతి పది శాతం వరకే. ఇథనాల్ తీరపు తేమను లాగుతుంది, నీళ్లు ఎక్కువైతే అడుగున వేరుపడుతుంది, ట్యాంకు లోపలి పూతనూ రబ్బరునూ పాడుచేస్తుంది. కాబట్టి ఏవీగ్యాస్ 100ఎల్ఎల్ అనే విమానాల పెట్రోలు ఏర్పాటు చేసుకోవాలి. దీన్ని ఇండియన్ ఆయిల్ 2022 నుంచి దేశంలోనే తయారు చేస్తోంది. అందులో సీసం ఉంటుంది గనుక నూరు గంటలకు మార్చే ఆయిల్‌ను 50కే, వీలైతే 25కే మార్చాలి. ఇంధనం 30 లీటర్లు దాటి నిల్వ ఉంచితే లైసెన్స్ కావాలి. అందుకే ఒక్కచోటే లైసెన్స్ తీసుకుని, రెండో కొసలో నిల్వ పెట్టకుండా పోయిరావడానికి సరిపడా నింపుకోండి. రానుపోను 36 లీటర్లు, అరగంట నిల్వకు పది, దారి మళ్లితే ఇంకొంచెం. 60 లీటర్లు అంటే 43 కిలోలు. ఖాళీ విమానం 350 కిలోలు, ఇద్దరు మనుషులు 160, ఇంధనం 43. సామానుకు మిగిలేది 47 కిలోలే.

మండుటెండలో దిగి అరగంట ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే, వేడెక్కిన పైపుల్లో ఇంధనం ఆవిరై ఇంజిన్ తడబడుతుంది. దిగగానే ముక్కును గాలికి తిప్పి, పైన ఆయిల్ మూత తలుపు తెరిచి పెట్టండి. స్టార్ట్ చేశాక రెండు నిమిషాలు సాఫీగా తిరిగితేనే కదలండి. ఫైబర్ విమానం ఎండలో ఉంచొద్దు, రేకుల షెడ్డయినా నీడ తప్పనిసరి. వేగం కొలవడానికి గాలి పట్టే పిటో గొట్టానికి తొడుగు మరవొద్దు. మట్టిగూడు కట్టే కందిరీగ ఒక్క పూటలో దాన్ని మట్టితో పూడ్చేస్తుంది, పరుగు మొదలయ్యాక స్పీడు మీటరు సున్నా చూపుతుంది. ముల్లు కదలకపోతే వెంటనే ఆపేయాలి. గుంటల వైపు స్ట్రిప్ పెడితే ఉప్పుగాలికి మంచినీళ్లతో తరచూ కడగాలి. కొంగలు, గూడకొంగలు రొయ్యల గుంటల మీదే తిరుగుతాయి గనుక వాటి మీదుగా కిందకు దిగే దారి పెట్టుకోవద్దు.

బ్యాటరీ విమానం గురించి కూడా అడుగుతారు కాబట్టి: పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రోకు 2020 జూన్‌లో యూరప్ అనుమతి వచ్చింది, సుమారు 50 నిమిషాలు ఎగురుతుంది. శిక్షణకు బాగుంటుంది, మార్కాపురం చేర్చదు.

ఎగిరే వేళలు చెప్పుకోకపోతే పథకం కాగితం మీదే ఆగిపోతుంది. దృశ్య నియమాలతో, అంటే కంటితో బయట చూసుకుంటూ ఎగిరేవాళ్లకు సూర్యోదయానికి 20 నిమిషాల ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల దాకానే అనుమతి. వేసవిలో పదిన్నర దాటితే గాలి ఎగుడుదిగుడు. తెల్లారి వెళ్లి, నాలుగున్నర తర్వాత తిరిగి బయల్దేరి, చీకటి పడకముందే దిగాలి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో పెన్నా వెంట మంచు ఎత్తేదాకా ఆగాలి. తుపాను వారాల్లో విమానం షెడ్డులోనే. ప్రతి ప్రయాణానికి ఫ్లైట్ ప్లాన్, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ నంబరు, ఎఫ్ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబరు ఉండాలి. శ్రీహరికోట ప్రయోగం ఉన్న రోజుల్లో గగనతలం మూసేస్తారు, నోటామ్ (పైలట్లకు ఇచ్చే హెచ్చరిక ప్రకటన) చూడకుండా తీరం వైపు పోకూడదు. ఉదయగిరి, వెలికొండల మీదుగా పోయేటప్పుడు 5,500 అడుగులకు తగ్గకండి. ఉదయగిరి కొండే మూడు వేల అడుగులు. ఇంజిన్ ఆగితే వెయ్యి మీటర్ల ఎత్తుకు పన్నెండు కిలోమీటర్లు మాత్రమే జారగలరు, దారిలో ఎక్కడున్నా చదును పొలం ఆ లోపు అందాలి.

నలుగురిలో నడిపేవాళ్లు ఫీజు కట్టే ముందు క్లాస్ 2 మెడికల్ చేయించుకోండి. షుగరో, చూపో అడ్డం వస్తే అప్పుడే తెలిసిపోతుంది. ప్రైవేటు పైలట్ లైసెన్స్‌కు 17 ఏళ్లు, పదో తరగతి, కనీసం 40 గంటలు. ఆచరణలో ఎక్కువే పడతాయి. ఈ లైసెన్స్‌తో టికెట్ డబ్బు తీసుకోకూడదు.

అందరికీ పెంచాలన్న మీ రెండో ప్రశ్న సరిగ్గా ఇక్కడ ఆగుతుంది. డబ్బుకు మనుషుల్ని ఎక్కించాలంటే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్, కమర్షియల్ లైసెన్స్ ఉన్న పైలట్, టైప్ సర్టిఫికెట్ ఉన్న విమానం కావాలి. సొంతంగా చేసుకున్న విమానంతో కుదరదు. ముంబైలో ఇంటి డాబా మీద విమానం కట్టిన అమోల్ యాదవ్‌కు 2017లో రిజిస్ట్రేషన్ వచ్చినా, ఎగిరే పర్మిట్ 2019లోగాని రాలేదు. మీకు నా సలహా రెండు స్ట్రిప్పులు, నెల్లూరు దగ్గర ఒకటి, మార్కాపురం దగ్గర ఒకటి. కనిగిరి దగ్గర మూడోది దారిలో దిగడానికి, గడ్డి కోసి ఉంచితే చాలు. మూడు చోట్లా గాలి దిశ చూపే గాలిసంచి, కంచె, ఒక కాపలా మనిషి, ఊరికి చేర్చే ఒక ఆటో నంబరు ఉండాలి.

కాగితాల పని గాలి కొలత మొదలైన రోజే మొదలుపెట్టండి. పౌర విమానాలను నియంత్రించే డీజీసీఏతో పాటు రక్షణ, హోం శాఖల నుంచి అభ్యంతరం లేదన్న పత్రాలు రావాలి. కలెక్టరుకు, స్థానిక పోలీసుకు ముందే చెప్పండి. గాలి పుస్తకం నిండేలోపు ఈ పత్రాల్లో ఏది ఆగిపోతుందో తేలిపోతుంది, అప్పటిదాకా భూమికి అడ్వాన్సు మించి ఇవ్వకండి.