ఆదోని యార్డు యాప్ కడుతున్న అమ్మాయికి

కర్నూలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితురాలూ రాసుకున్న ప్రణాళికను మీ నాన్న పంపితే చదివాను. ఆదోని యార్డులో పత్తి, వేరుశనగ, ఆముదాల ధరలు ఏ పూటకాపూట రైతు ఫోనుకు చేరాలన్న ఆలోచన బాగుంది. పొగడ్త ఇంతటితో ఆపుతాను. "జనం పెరిగితే సర్వర్లు వాటంతటవే పెరుగుతాయి" అని రెండో పేజీలో రాశారు. పెరుగుతాయి, నిజమే. పెరిగిన తర్వాత ఏమవుతుందో మాత్రం ఎక్కడా రాయలేదు.

లెక్క వేసి చూడు. మీ ధరలన్నీ దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్. అమరికలేమీ మార్చకపోతే అది ఒకేసారి 100 కనెక్షన్లకు, అంటే సర్వర్లు దానితో మాట్లాడే దారులకు, మించి ఒప్పుకోదు. క్లౌడ్ సంస్థ, అంటే యంత్రాలు అద్దెకిచ్చేది, నడిపిపెట్టే రకంలో ఈ హద్దు యంత్రం మెమరీని బట్టి మారుతుంది కానీ, హద్దంటూ ఒకటి ఉంటుంది. ఒక్కో సర్వర్ పది కనెక్షన్లు పట్టుకుని కూర్చుంటే పదో సర్వర్ లేచేలోపే ఆ వంద దాదాపు నిండిపోతుంది. పదకొండోది లేచినా చేసేదేమీ లేదు, తప్పుల చిట్టా నింపడం తప్ప. కాబట్టి సర్వర్లకూ డేటాబేస్‌కూ మధ్యలో పీజీబౌన్సర్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టి ఉన్న కనెక్షన్లనే అందరికీ పంచండి. సర్వర్ల సంఖ్యకు పైహద్దు కూడా మీరే రాసిపెట్టండి.

అసలు మీకు అన్ని సర్వర్లు ఎందుకు? క్వింటాల్ పత్తి ధర పదివేల మంది అడిగినా ఒకటే కదా. దాన్ని క్యాష్‌లో, అంటే డేటాబేస్‌ను అడగకుండానే చదవగలిగే తాత్కాలిక చోటులో, అర నిమిషం ఉంచితే డేటాబేస్‌కు వెళ్లే ప్రశ్న అర నిమిషానికి ఒకటి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. గడువు తీరిన క్షణాన అందరూ కట్టగట్టుకుని డేటాబేస్ మీద పడతారు. కొత్త ధర తెచ్చే పని ఒక్కరికే అప్పగించి, ఆలోగా మిగతావారికి పాత ధరే చూపించండి, అది ఎన్ని గంటలకు నమోదైందో పక్కనే వేసి. సమయం లేని ధరను నేనైతే చూపించను. దాన్ని నమ్ముకుని బండి కట్టించే రైతు ఉంటాడు.

సర్వర్లు వాటంతటవే పెరిగే ఈ ఆటోస్కేలింగ్‌కు ఇంకో బలహీనత ఉంది. భారం పెరిగిందని గమనించి, కొత్త యంత్రం లేచి, పనికి సిద్ధమయ్యేసరికి కొన్ని నిమిషాలు పడుతుంది. యార్డు ధరలు వెలువడినప్పుడు జనం వచ్చేదీ పోయేదీ కూడా నిమిషాల్లోనే. మీకు ఏ వేళ రద్దీయో ముందే తెలుసు. ఆ వేళకు ముందే సర్వర్లు పెంచి, తర్వాత తగ్గించేలా సమయం పెట్టండి. క్లౌడ్ గడియారం సాధారణంగా మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. ఉదయం 10 గంటలకని రాస్తే మన మధ్యాహ్నం 3:30కు లేస్తాయి. పత్తి ఎక్కువగా వచ్చే నెలలకు ఒక లెక్క, ఎండాకాలానికి ఒక లెక్క పెట్టుకోండి.

ఇక పరీక్ష, అంటే ఉత్తుత్తి జనాన్ని పంపి యాప్ ఎంత భారం మోస్తుందో చూడడం. అందుకు కె6 గానీ లోకస్ట్ గానీ తీసుకోండి, రెండు పరికరాలూ ఉచితమే. ఇంట్లో లాప్‌టాప్ నుంచి నడపవద్దు. సర్వర్ కన్నా ముందు మీ ఇంటి ఇంటర్నెట్టే చేతులెత్తేస్తుంది, మీరు దాన్ని సర్వర్ ఖాతాలో వేస్తారు. క్లౌడ్‌లోనే వేరే యంత్రం నుంచి నడపండి. ఎస్సెమ్మెస్‌లు పంపే భాగానికి ఉత్తుత్తి సేవను తగిలించండి, లేకపోతే ఆదోని చుట్టుపక్కల రైతులందరికీ అర్ధరాత్రి పత్తి ధర వెళుతుంది. మొదట మెల్లగా పెంచుతూ కూలేదాకా వెళ్లండి. ఆ తర్వాత ఒక్కసారిగా జనాన్ని వదలండి, ఎందుకంటే మీ యాప్‌కు నిజంగా వచ్చే భారం ఆ రకమే. సగటు సమయం చూసి సంతోషపడవద్దు. వందలో చివరి అయిదుగురు ఎంతసేపు ఎదురుచూశారో చూడండి.

ఆ అయిదుగురిలో పల్లెల రైతులే ఎక్కువ. ఒక రోజు చవక ఫోను పట్టుకుని కౌతాళం, కోసిగి వైపు బస్సెక్కండి. సిగ్నల్ బలహీనమైన చోట యాప్ ఏం చేస్తుందో ఏ పరికరమూ అంత బాగా చూపించదు. జవాబు రాకపోతే యాప్ మళ్లీ అడుగుతుంది. అన్ని ఫోన్లూ ప్రతి సెకనుకూ అడిగితే అప్పుడే లేస్తున్న సర్వర్‌ను మళ్లీ పడగొట్టేది మీ యాప్ అవుతుంది. ఒక్కో ప్రయత్నానికీ ఎడం రెట్టింపు చేస్తూ, అందులో కొంత యాదృచ్ఛికంగా కలపండి. అలాగే, సరుకు నమోదు బటన్‌ను రైతు రెండుసార్లు నొక్కుతాడు, తప్పదు. ప్రతి నమోదుకూ ఫోనే ఒక సంఖ్య ఇవ్వాలి. అదే సంఖ్య మళ్లీ వస్తే సర్వర్ కొత్తగా రాయకూడదు.

బ్యాకప్ "ఉంది" అని ఒక్క మాటలో తేల్చేశారు. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్ పద్ధతులు ఒకటి కాదు, చాలానే ఉన్నాయి. తీరా చూస్తే అవసరానికి అక్కరకొచ్చేలా ఏదీ లేదు. దాదాపు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి ఉండబట్టి బయటపడ్డారు, ఆ మధ్య మార్పులు పోయాయి. మీరు నెలకొకసారి బ్యాకప్ నుంచి కొత్త డేటాబేస్ లేపి, నిన్నటి వేరుశనగ ధర అందులో కనబడుతుందో లేదో చూడండి.

అమెజాన్ క్లౌడ్ 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాద్‌లో రీజియన్లు, అంటే తన యంత్రాల కేంద్రాలు, తెరిచింది. హైదరాబాద్ దగ్గర కదా అని తొందరపడక, మీకు కావలసిన సేవలన్నీ అక్కడ ఉన్నాయో లేదో చూసుకోండి. డేటాబేస్ నకలు అదే రీజియన్‌లోని మరో జోన్‌లో, అంటే వేరుగా నడిచే భాగంలో, ఉంటే ఇప్పటికి చాలు. రెండు రీజియన్లలో నడపడం మీ వయసు కంపెనీకి దండగ. ఖర్చు హద్దు దాటితే హెచ్చరించే బడ్జెట్ అలర్ట్ పెట్టండి కానీ అది కబురు మాత్రమే చెబుతుంది, ఖర్చును తనంతట తాను ఆపదు. పరీక్ష ముగియగానే ఆ యంత్రాలు తీసేయండి.

ఆదివారం పరీక్ష నడిపితే, మొదట తట్టుకోలేకపోయింది ఏదో, ఆ నిమిషం లాగ్‌లో, అంటే సర్వర్ రాసుకునే చిట్టాలో, ఏముందో నాకు పంపు. రంగుల గ్రాఫులు వద్దు. పీజీబౌన్సర్ అమరికలు నేను చూసిపెడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న